నాలుగు కొమ్ముల చుట్టం

నేను మాటల మనిషిని. ఇది పొగడ్త కాదు, మా అమ్మ నన్ను తిట్టిన తిట్టు. మార్కాపురంలో మా ఇల్లు పలకలు కోసే సందులో ఉండేది. పొద్దున లేచింది మొదలు రాయి మీద రంపం గీకే చప్పుడు, దాన్ని మించి మా నాయన కేకలు, ఆయన్ని మించి మా నాయనమ్మ కేకలు. మేం ముసల్మానులం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండింటిలోనూ గట్టిగా అరిస్తేనే ఆ గోలలో మన మాట ఎవరికైనా వినపడేది. అలా పెరిగిన గొంతు నాది. అలాంటిదాన్ని తీసుకుపోయి అడవి గార్డుకు కట్టబెట్టారు.

అవి మద్రాసు ప్రభుత్వం రోజులు. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. పెళ్లైన కొత్తలోనే మా ఆయనకు గిద్దలూరు అవతల, నల్లమల కొండ కింద ఉన్న ఒక పల్లెకు బదిలీ అయింది. రైలు దిగి, ఎద్దుల బండి ఎక్కి, బండి పోలేని చోట దిగి నడిచి అక్కడికి చేరాం. గార్డు ఇల్లు ఊరికి కూతవేటు దూరమని చెప్పారు. ఆయన లేనప్పుడు ఒకసారి వసారాలో నిలబడి నిజంగానే కూసి చూశాను. ఎవరూ పలకలేదు.

ఒక గది, ఒక వసారా, పైన పెంకులు. వెనక ఒక వాగు, వానలు పోయిన కొద్ది వారాలకే ఎండిపోయే రకం. వాగు దాటితే అడవి. ముందు వైపు ఊరి చేలు, కంది, సజ్జ, ఆముదం. ఇంతే నా సంసారం. మా ఆయన మంచివాడే, కానీ మాటలు తక్కువ. అడవిలో నోరు తెరిస్తే జంతువులు పారిపోతాయని అలవాటైందేమో, ఇంట్లో కూడా నేనెక్కడ పారిపోతానోనన్నట్టు నోరు మూసుకునే ఉండేవాడు. బీటుకు, అంటే తన వంతు అడవి చుట్టి రావడానికి, పోతే రోజుల తరబడి రాడు. వచ్చినా తిని పడుకుంటాడు. నేను గోడతో మాట్లాడేదాన్ని. గోడ మా ఆయన కంటే నయం, తిరిగి నా మాటే వినిపించేది.

ఆయన పనిలో కట్టెల దొంగలు ఉండేవాళ్లు, మందలను రిజర్వు అడవిలోకి తోలేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల మీద ఆయనకు పెద్ద కోపం ఉండేది కాదు. ఆయన కోపమంతా ఉరుల మీద. జంతువులు నడిచే దారుల్లో, ముళ్లకంప పరిచి మధ్యలో సందు వదిలి, ఆ సందులో గోగునారతో పేనిన ఉరి పెట్టేవాళ్లు. దుప్పి అయినా, కుందేలైనా, నెమలి అయినా అందులో కాలో మెడో పెడితే అంతే. పెట్టినవాడు వచ్చి చూసుకునేదాకా అది అక్కడే గింజుకుంటూ ఉండాలి. మర్చిపోతే అక్కడే ఎండిపోవాలి. మా ఆయన ఆ ఉరులన్నీ పీకి మోపు కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. రేంజరు వచ్చినప్పుడు చూపించడానికని వసారా మూలన పడేసేవాడు. రేంజరు వచ్చేదెప్పుడు? ఆ మూల పెరుగుతూ పోయింది. మంచి తాడు ఊరికే చివికిపోతుంటే చూడలేక ఒకదాన్ని విప్పి, గుంజకూ గుంజకూ కట్టి బట్టలు ఆరేసుకున్నాను. ఇంకొకటి బిందెకు కట్టాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

గార్డు పెళ్లాన్ని ఊరు ఎలా చూస్తుందో చెప్పనక్కర్లేదు. నేను నీళ్ల బావి దగ్గరికి పోగానే అక్కడి మాటలు టక్కున ఆగిపోయేవి. వాళ్లు అనుకునేవన్నీ నేను మోసుకుపోయి ఆయన చెవిలో వేస్తానని భయం. ఆయనకు నేను అన్నం పెట్టానో లేదో చెప్పినా వినే ఓపిక లేదు, ఇక ఊరి సంగతులు కూడానా! ఈ మాట వాళ్లకు చెబుదామనుకుని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఎదురుగా వీపులే ఉండేవి. బిందె నింపుకుని వచ్చేసేదాన్ని. దారంతా ఏడుపొచ్చేది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అయినా ఏడుపొచ్చేది.

తాగే నీళ్లకు బావి, బట్టలకు వాగు. ఎండిన వాగులో ఇసుక తోడితే గుంటలో నీళ్లు ఊరతాయి, చెలమ అంటారు. మా ఇంటి వెనక నేనే ఒక చెలమ తోడుకున్నాను. ఒక మధ్యాహ్నం బట్టలు పిండి, ఒడ్డున కానుగ చెట్టు కింద కూర్చుని ఉంటే, అవతలి పొదల్లోంచి ఒకటి వచ్చింది. మేకంత ఉంటుంది. రాగి రంగు ఒళ్లు, తెల్లటి పొట్ట. మోకాళ్లు పైపైకి ఎత్తి, తడిసిన నేల మీద నడిచే ముసలమ్మలా ఆచితూచి నడుస్తోంది. దాని తల చూసి నేను కళ్లు నులుముకున్నాను. చెవుల మధ్య రెండు కొమ్ములు సరే, వాటి ముందు, నుదుటి మీద, చింతగింజల్లా ఇంకో రెండు. నాలుగు కొమ్ముల జంతువును నేను కథల్లో కూడా వినలేదు. అది నా చెలమలో తాగి, తల ఎత్తి నన్ను చూసి, గబగబా పోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. నేను కదలకుండా కూర్చుంటే పోయేది కాదు. కొన్నాళ్లకు చిన్న గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాను. మా అత్త మీద చాడీలు, మార్కాపురం సంగతులు, ఆ పూట కూరలో ఉప్పెక్కువైన సంగతి. అది తాగుతూ చెవులు మాత్రం నా వైపు తిప్పేది. మా ఆయన చెవులు కూడా తిప్పేవాడు కాదు. దానికి చుట్టం అని పేరు పెట్టుకున్నాను. ఇంటికి వచ్చే చుట్టం అదొక్కటే మరి.

ఆయనకు చెబితే, పెళ్లయ్యాక మొదటిసారి ఆయన చాలాసేపు మాట్లాడాడు. దాన్ని కొండగొర్రె అంటారట. దుప్పుల్లా మందలుగా తిరగదు, ఒంటిగానో జంటగానో ఉంటుంది. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు ఇటు వైపు తరచూ కనపడేవట, ఇప్పుడు బీటంతా తిరిగినా అడుగుజాడ దొరకడమే గొప్పట. "దానికి దినమ్మూ నీళ్లు తాగంది గడవదు. అది నీళ్లకు వచ్చే దారి తెలిసిందంటే ఉరి పెట్టేదానికి తెలివేం అక్కర్లేదు. ఎవరికీ చెప్పబాకు," అన్నాడు.

"నేనెవరికి చెప్తా? నాతో మాట్లాడేదెవరు?" అన్నాను.

ఆయన లేచి బయటికి పోయాడు. ఆ మాట ఆయనకు తగిలిందనే అనుకుంటాను.

ఊరి చివర, మా వైపు మొదట కనపడే ఇల్లు ఒక కాపుల ఇల్లు. ఆ ఇంటి కోడలు నా ఈడుది. ఒకరోజు చంకలో కోడిపెట్టతో రొప్పుకుంటూ మా వసారాలోకి వచ్చింది. మా వైపు చాలా పల్లెల్లో ఒక వాడుక ఉంది. తినేది ఎవరైనా సరే, కోడినైనా పొట్టేలునైనా సాయిబు చేత బిస్మిల్లా చెప్పించి కోయించాలి. కోయకముందే చచ్చినదాన్ని కాపులు కూడా ముట్టరు. ఆ ఊరికి కోసిపెట్టే ముసలి సాయిబు పక్క పల్లెలో ఉండేవాడు.

"అన్న లేడా? సాయిబు యాడికో పోయినాడంట. మా ఇంటికి చుట్టాలొచ్చినారు, కోడిని ఎవరు కోస్తారు?" అంది.

"అన్న లేడు. నేను కోస్తా తే," అన్నాను.

ఆమె నోరు తెరిచింది. ఆడవాళ్లు కోయకూడదన్న నియమం ఏదీ లేదని మా నాయనమ్మ అనేది. మగవాళ్లు లేని పూట ఇంట్లో కోడిని ఆమే కోసేది, నాకూ నేర్పింది. నేను కత్తి కడిగి, బిస్మిల్లా చెప్పి కోసిచ్చాను. సాయంత్రానికి గిన్నెడు కూర పట్టుకుని ఆమె మళ్లీ వచ్చింది. వసారాలో చతికిలబడింది. నేను మాట్లాడాను. ఎన్ని నెలల మాటలో! ఆమె నవ్వి నవ్వి, "నీ నోట్లో ఇన్ని మాటలుండాయా వదినా! మేము నిన్ను మూగదనుకుంటిమే," అంది. నన్ను మూగదనుకున్నారట! మా అమ్మ వినుంటే ఊరంతా మిఠాయి పంచేది.

ఆ రోజు పోతూ పోతూ బట్టలు ఆరేసిన చోట ఆగిపోయింది. తాడును వేళ్లతో పట్టి చూసింది. పేనే తీరు ఒక్కో చేతికి ఒక్కో రకంగా ఉంటుంది.

"వదినా, ఇది మా ఆయన పేనింది," అంది.

ఏం చెప్పాలో తెలియక, "బట్టలకు బాగుంది," అన్నాను. ఆమె ఒక క్షణం నన్ను చూసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మొగుడు రాత్రంతా కూర్చుని పేనిన ఉరి మీద గార్డు చొక్కా ఆరుతోంది. నవ్వక ఏం చేస్తాం!

అక్కడి నుంచి నా బతుకు మారింది. బావి దగ్గర ఆమె, "మన వదినేలే, మాట్లాడండి," అంది. అంతే, వీపులు మొహాలయ్యాయి. నేనూ ఒక అత్తకు కోడల్ని, ఒక అక్కకు చెల్లెల్ని అయ్యాను. ఎవరింట్లో కోడి కోయాలన్నా సాయిబు కోసం పక్క పల్లెకు పోవడం మానేసి నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ చలికాలం నేను గోడతో మాట్లాడలేదు.

మాటల్లో మాటగా ఆమె ఉరుల సంగతి కూడా ఎత్తేది. ఆ ఏడు ఒక దొర పర్మిట్టు తీసుకుని పులి వేటకు వచ్చాడు. ఊరి మగవాళ్లందరూ డప్పులు కొట్టి పులిని తోలారు. దొర చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. మా ఆయన ఆ దొర తుపాకీ మోశాడు. "దొర చంపితే షికారంట. మా ఆయన కుందేలును పట్టుకుంటే దొంగతనమంట. ఇదేం న్యాయం వదినా?" అంది. మా ఆయన్ని అడిగాను. "న్యాయం కాదు. దొరను ఆపే అధికారం నాకు లేదు. ఉరిని పీకే అధికారం ఉండాది. ఉన్నంతవరకు చేస్తాను," అన్నాడు. ఆ జవాబు ఆమెకు చెప్పలేదు. చెప్పినా ఆమె ఒప్పుకోదు, నాకూ సగమే ఒప్పుదల.

చుట్టం గురించి మాత్రం ఆమెకు చెప్పలేదు. చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అయినా చెప్పలేదు.

శివరాత్రి దాటింది. కంది కోతలు అయిపోవచ్చాయి. మా ఆయన లోపలి అడవికి బీటుకు పోయి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం చుట్టం చెలమకు రాలేదు. ఒక పూట అటూ ఇటూ అవుతుందిలే అనుకుంటుండగా కాపుల కోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వదినా, తొందరగా రా. కొయ్యాల."

"ఏం కోడి?"

"కోడి గాదు లే. రా నువ్వు, చూద్దువు. ఈ పొద్దు పోగులేస్తాండారు. మీ ఇంటికీ ఒక పోగు ఉండాది. మా మామతో నేనే చెప్పినా."

పోగు అంటే ఏమిటో చెప్పాలి. ఊళ్లో ఏదైనా పెద్ద జంతువు దొరికినా, దేవరకు కోసినా, మాంసాన్ని మోదుగాకుల మీద కుప్పలుగా వేస్తారు. ఇంటికో కుప్ప. అదే పోగు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే కొలత. ముసలామె ఒంటరిగా ఉన్నా ఆమె ఇంటికీ పోగు పోవాలి. పోగు అందని ఇల్లంటే ఊళ్లో లేని ఇల్లే. మేం వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో ఎన్నిసార్లు పోగులు వేశారో నాకు తెలుసు, వాసన గాలికి మా వసారాదాకా వచ్చేది. ఆకు మాత్రం మా గడప దాకా ఎప్పుడూ రాలేదు. మీ ఇంటికీ ఒక పోగు అని ఆమె అన్నప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అబద్ధమెందుకు, ఏ జంతువని కూడా అడగకుండా నడిచాను. నేను ఆ ఊరి మనిషినయ్యాను. నాకు కావలసింది అదే.

వాళ్ల పెరట్లో నలుగురైదుగురు మగవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు మోదుగాకులు కడిగి నేల మీద వరసగా పరుస్తున్నారు. గడ్డివామి పక్కన, బండి నీడలో, నాలుగు కాళ్లూ కలిపి కట్టేసిన చుట్టం పడి ఉంది.

నాలుగు కొమ్ములూ ఉన్నాయి. ముందువి రెండూ చింతగింజల్లా. నోరు తెరిచి ఎగరొప్పుతోంది. అది నన్ను గుర్తుపట్టిందని చెప్పను, దానికి నేనెవరిని? కానీ చెవి ఒకటి నా వైపు తిరిగింది. చెలమ దగ్గర తిప్పినట్టే తిప్పింది.

ఆమె మామ, ఆ ఇంటి పెద్దాయన, నవ్వుతూ ఎదురొచ్చాడు. "తెల్లారి మా కంది చేని గట్టున పడింది కోడలా. సాయిబు కోసం మనిషిని తోలితే, బిడ్డ కాడికి కంభం పోయినాడంట. ఇది ఇట్లే ఎగపోస్తా చస్తే ఎవరికీ గాదు. నీ చెయ్యి మంచిదని మా కోడలు చెప్పె. కోళ్లకు చెప్పే మాటే దీనికీ చెప్పు," అన్నాడు. నా చేతిలో కత్తి పెట్టాడు.

అప్పుడు పెద్దాయన మొహంలోకి చూశాను. ఊరి బీటుకు గార్డు నా మొగుడు. రిజర్వు జంతువు గొంతు మీద కత్తి పెట్టేది ఆయన పెళ్లాం. ఇక ఆయన ఎవరి మీద కేసు రాస్తాడు? ముసలాయన నవ్వులో ఆ లెక్క కనపడింది. పక్కకు తిరిగి చూస్తే ఆమె మోదుగాకుల్లోంచి అన్నింటికంటే పెద్ద ఆకును ఏరి, కొంగుతో తుడిచి, వరసలో పెడుతోంది. అది మా ఇంటి ఆకు. ఆమె మొహంలో ఏ లెక్కా లేదు. ఒక్క పెరట్లో రెండూ ఉన్నాయి, ఎత్తు ఉంది, ప్రేమా ఉంది. ఎత్తు ఒక్కటే ఉంటే నాకు ఎంత తేలికయ్యేది!

బిస్మిల్లా చెప్పే వేళకు అందరూ మాట ఆపుతారు. ఆ పెరట్లోనూ ఆపారు. పిల్లల్ని కూడా గదమాయించారు. నేను దాని పక్కన కూర్చున్నాను. మెడ మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది, లోపల గుండె నా అరచేతిలోనే కొట్టుకుంటున్నట్టుంది. బిస్మిల్లా అని గట్టిగా చెప్పాను. చెప్పి, కాళ్ల తాడు కోశాను.

అది వెంటనే లేవలేదు. కాళ్లు మొద్దుబారాయేమో, అలాగే పడి ఉంది. నాకు భయం వేసింది. వీపు మీద అరచేత్తో చరిచాను. "పో," అన్నాను. ఉర్దూలో అన్నానో తెలుగులో అన్నానో గుర్తులేదు. ఒక్కసారి లేచి, తూలి, బండి నొగ మీదుగా దూకింది. పరిచిన ఆకుల మీదుగా, కంచెలో సందులోంచి చేలల్లోకి పోయింది. మగవాళ్లకు ఏం జరిగిందో తెలిసేసరికి అది కంది మోళ్లు దాటిపోయింది.

ఎవరూ నన్ను తిట్టలేదు. "ఎంత పని చేసినావు కోడలా," అన్నాడు ముసలాయన. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నేను కత్తిని బండి మీద పెట్టాను. ఆమె ఆకుల దగ్గర అలాగే వంగి ఉంది. మా ఇంటి ఆకు గిట్ట తగిలి చిరిగిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది.

"నీకు పెద్ద పోగు తీసిపెడదామనుకుంటి గదా వదినా," అంది.

నేను మాటల మనిషిని. ఒక్క మాట కూడా రాలేదు. కొంగు కప్పుకుని ఇంటికి వచ్చేశాను. ఆ దారి నాకు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

మా ఆయన బీటు నుంచి వచ్చాక అంతా చెప్పాను. మెచ్చుకుంటాడేమోనని ఎక్కడో ఆశ. ఆయన తల పట్టుకున్నాడు. "జంతువు ఏదీ? తాడు ఏదీ? ఏం పెట్టి రాయమంటావు కేసు?" అన్నాడు. ఎవరని అడిగాడు. చెప్పనన్నాను. ఆయనకు తెలియదా ఏమిటి, కంది గట్టు ఎవరిదో, తాడు పేనుడు ఎవరిదో! అయినా చెప్పనన్నాను. ఊరి దృష్టిలో నేను గార్డు మనిషిని, గార్డు దృష్టిలో ఊరి మనిషిని. రెండు వైపులా ఒక్క రోజే చెడ్డాను. కొన్నాళ్లు పోయాక, అన్నం తింటూ ఉన్నట్టుండి, "నేనుంటే దాన్ని గిద్దలూరు దాకా ఎత్తుకుపోయి అప్పజెప్పాల. దావలోనే చచ్చేది," అన్నాడు. మా ఆయన భాషలో అది మెచ్చుకోలే. నాకు అది చాలలేదు.

బావి దగ్గర మళ్లీ వీపులు. ఈసారి భయంతో తిరిగిన వీపులు కావు. నేను పోతే చేద వదిలి పక్కకు జరిగేవాళ్లు, నేను తోడుకుని వచ్చేసేదాకా ఆగేవాళ్లు. మర్యాదగానే. నాకు నీళ్లు కావలిస్తే నీళ్లున్నాయి, మాట లేదు. సాయిబు కోసం మళ్లీ పక్క పల్లెకు మనిషిని పంపడం మొదలుపెట్టారు. మా వసారా ముందు నుంచే, చంకలో కోడితో, తల తిప్పకుండా పోయేవాళ్లు. ఆమె కూడా అలాగే పోయింది ఒకరోజు. మొదట్లో ఉన్న ఒంటరితనం వేరు, అప్పుడు నాకు ఆ ఊరి నవ్వు తెలియదు. తెలిశాక పోగొట్టుకున్నది భరించడం నా వల్ల కాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఆమె అనబోయే మాటలు ఆమె గొంతుతోనే అనుకుని, జవాబులు చెప్పుకునేదాన్ని. పిచ్చిపట్టిందనుకుంటారని తలుపు వేసుకునేదాన్ని.

చుట్టం కూడా రాలేదు. రోజూ చెలమ తోడేదాన్ని. ఎండలు ముదిరాయి, ఊట అడుక్కు పోయింది, మోచేతి లోతు తోడితే గాని చెమ్మ తగిలేది కాదు. నెమళ్లు వచ్చి తాగేవి, నక్క అడుగులు కనపడేవి. రాగి రంగుది మాత్రం లేదు. కాలు వాచి చచ్చిపోయిందేమో, ఇంకో ఉరిలో పడిందేమో. నేను దేన్ని వదులుకున్నానో నాకు తెలుసు, దేనికోసం వదులుకున్నానో అది బతికుందో లేదో మాత్రం తెలియదు. ఆ వేసవంతా నన్ను తిన్నది ఈ ఆలోచనే.

ఒక పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందు, బిందె పట్టుకుని బావికి బయల్దేరబోతూ ఎందుకో వెనక్కి పోయి చూశాను. చెలమ దగ్గర నిలబడి ఉంది. నాలుగు కొమ్ములూ. ముందు కాలి మీద తాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు రాలి, వంకీ తొడిగినట్టు తెల్లటి చార. తాగి తల ఎత్తింది. పొద మరుగున ఇంకొకటి, కొమ్ముల్లేనిది, చూలుతో పొట్ట నిండుగా ఉన్నది, తన వంతు కోసం చూస్తోంది. ఆడది. చుట్టం ఒంటరిది కాదన్నమాట. నేను బిందె గట్టిగా పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. రెండూ తాగి పోయేదాకా ఊపిరి సరిగా తీసుకోలేదు.

అదే సంతోషంతో బావికి పోయాను. నాకు తెలియదు నవ్వుతున్నానని. ఆడవాళ్లంతా ఉన్నారు, ఆమె కూడా ఉంది. ఎప్పటిలాగే జరిగి చోటిచ్చారు. నేను చేద వేసి తోడుతున్నాను. వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

"ఏంది వదినా, నీలో నువ్వే నవ్వుకుంటాండావు?"

చేద నా చేతిలో ఆగిపోయింది. ఎన్ని నెలల తర్వాతో! బావి దగ్గర అందరూ పని ఆపారు. ఆమె మొహంలో కోపం లేదు. ఆ మొదటి రోజు మా వసారాలో చతికిలబడినప్పటి మొహమే. నేను ఒక్క మాట చెబితే చాలు, పక్కన కూర్చుంటుంది. చెప్పాల్సిన మాట కూడా నా దగ్గర ఉంది. బతికింది వదినా, జంటగా వచ్చింది వదినా, దాని పొట్ట నిండుగా ఉంది వదినా. ఆ మాట ఈ లోకంలో ఎవరికైనా చెప్పుకోవాలంటే ఆమెకే చెప్పుకోవాలి. ఆమె ఇంటి మూలన కొత్తగా పేనిన ఉరులు ఉంటాయి. ఆమె చెడ్డది కాదు. సంతోషం పట్టలేక తన మొగుడితో అంటుంది, అంతే.

"ఏం లేదు వదినా," అన్నాను.

నేను ఇంకేమైనా అంటానేమోనని ఆమె చూసింది. తర్వాత బిందె చంకకెత్తుకుని పోయింది. మిగిలినవాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు పోయారు. వానలకు ముందే మాకు బదిలీ అయింది. అప్పటిదాకా ఆ ఊళ్లో నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి బిందె దించి, వాగులోకి పోయి చెలమలో పడిన ఇసుక తోడాను. నీళ్లు ఊరడానికి చాలాసేపు పట్టింది. అక్కడే కూర్చున్నాను.